నవ్వితే కనబడే నిజం

మా సాలూరులో జబ్బుమనిషిని పలకరించడానికి వెళ్ళేవాళ్ళు బత్తాయిలతోపాటు ఒక అబద్ధం కూడా పట్టుకెళతారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఇంటివాళ్ళను పక్కకు పిలిచి అసలు సంగతేమిటని గుసగుసగా అడుగుతారు. తరవాత మంచం దగ్గరికొచ్చి "మొన్నటి మీద ముఖం తేటబడింది, నీకేటీ అవదు" అంటారు. ఆ గుసగుస మంచం మీది మనిషికి వినబడుతూనే ఉంటుంది. కదలలేని మనిషికి చెవులు పదునెక్కుతాయి. వసారాలో ఎవరు గొంతు తగ్గించారో, ఎవరు పైట చెంగుతో ముక్కు తుడుచుకున్నారో అన్నీ తెలుస్తాయి.

ఈ అబద్ధం ప్రేమలోంచే పుడుతుంది. కాని అదే మంచం మీంచి అప్పుడప్పుడు ఒక వేళాకోళం కూడా వినబడుతుంది. జబ్బుమనిషి తన జబ్బు మీద తానే వేసే హాస్యం అది. నిజాన్ని తట్టుకోలేక చుట్టూ ఉన్నవాళ్ళు అబద్ధమాడతారని, అదే నిజాన్ని తట్టుకోలేక రోగి నవ్వులాటలోకి పారిపోతాడని, రెండూ ఒక కోవవేనని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. మనం దాచిపెట్టిన నిజాన్ని రోగి బయటికి తీసేది ఆ హాస్యంతోనే. మా పెద్దమ్మ జబ్బుపడ్డ ఏడాదిలో ఇది కళ్ళారా చూశాను.

పెద్దమ్మది అడ్డపొగ. మా ప్రాంతం ఎరగని పాఠకులకు ఇదేమిటో చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, తల్లిని చూసి కూతురు నేర్చుకుంటూ వచ్చిన అలవాటు. నాట్లేసేటప్పుడు గాలికీ వానకీ చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. అడిగితే ఇవే కారణాలు చెప్పేవారు. పెదవుల మధ్య చుట్టను కదలకుండా పట్టి ఉంచే నేర్పు వస్తే నాలుక కాలదు. వేడంతా పోయి తగిలేది అంగిలికి. ఏళ్ళ తరబడి అలా తగిలి అంగిలి తెల్లబడుతుంది, మచ్చలు కడుతుంది, మధ్య మధ్య ఎర్రబడుతుంది, కొందరిలో పుండుపడి కేన్సరవుతుంది. దేశంలో మిగతాచోట్ల నోటి కేన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలో నాలుక మీదో వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. ఇక్కడ అది అరుదు కాదు.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసి చాలాకాలమే అయింది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన మెహతా, వారి సహచరులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లో ప్రచురించారు. అప్పటికి సాలూరు కూడా శ్రీకాకుళం జిల్లాలోదే. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఆ పరిశోధన వెలువడిన నాటికి మా పెద్దమ్మ నడివయసులో ఉంది, రోజూ పొలంలో చుట్ట కాలుస్తూనే ఉంది. లండన్‌లో అచ్చయిన నిజం వేగావతి ఒడ్డుకు రాలేదు. నిజం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మొదట తోచేది ఇదే. ఎక్కడో రాసిపెట్టి ఉన్నంత మాత్రాన నిజం పని చేయదు. కావలసిన మనిషి దగ్గరికి ఎవరో దాన్ని నడిపించుకుని రావాలి.

పెదనాన్న లారీ డ్రైవరు. విజయవాడ తరవాత లారీలకు పేరుపడ్డ ఊరు మాది. డ్రైవరో, క్లీనరో, బాడీలు కట్టే మేస్త్రీయో లేని వీధి ఉండేది కాదు. సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా వెళ్ళిన మనిషి ఏ రాత్రి తిరిగొస్తాడో తెలియని ఇళ్ళవి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు భయాన్ని ఒక హాస్యంతో చెప్పి ఊరుకునేవాళ్ళు. పెద్దమ్మ అందులో ఆరితేరింది.

విశాఖలో పుండు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజునే ఇంటి పెద్దలు కట్టుబాటు చేశారు: ఆమె ముందు "పుండు" అనాలి, అసలు పేరు ఎత్తకూడదు. ఇంగ్లీషు రిపోర్టు బీరువాలో పట్టుచీరల అడుక్కి చేరింది. పెద్దమ్మకు తెలుగు చదవడమే రాదు, అయినా దాచారు.

ఆమె మొదటి మాట విశాఖ నుంచి తిరిగొచ్చే బస్సులోనే వచ్చింది. "ఒరే బాబు, ఆ డాట్రుబాబు నా నోట్లో అంతసేపు లైటేసి ఎతికినాడు గదా, ఏటి పోగొట్టుకున్నాడో, దొరికిందేటి?" ఎవరూ నవ్వలేదు. మా నాన్న కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ తరవాత బొబ్బిలి నుంచి, రామభద్రపురం నుంచి, మక్కువ నుంచి చుట్టాలు వరసపెట్టి రావడం మొదలైంది. వచ్చినావిడ ఎవరో "సిన్న పుండే కదప్పా, తగ్గిపోద్ది" అంది. పెద్దమ్మ గదంతా ఒకసారి చూసి, "సిన్న పుండుకి ఇంతమంది పెద్దోళ్ళొచ్చినారేటి?" అంది.

ఆ ప్రశ్న ఎంత సూటిదో చూడండి. నాకు అబద్ధం చెబుతున్నారని ఆమె ఎవరినీ నిందించలేదు. ఏడవలేదు. ఎవరి కట్టుబాటునూ తెంపలేదు. నవ్వి ఊరుకునే వీలు వాళ్ళకు ఉంచింది. తనకు తెలిసిందని మాత్రం చెప్పేసింది.

కరెంటు పెట్టించడం, అంటే రేడియేషన్ చికిత్స, పూర్తయ్యేసరికి నోట్లో రుచి పోయింది, లాలాజలం ఎండిపోయింది. గంజి, మజ్జిగ, మెత్తగా ఎనిపిన అన్నం. ఒకరోజు కోడలు చింతచిగురు పప్పు చేసి, చల్లార్చి, చెంచాతో పెడుతుంటే పెద్దమ్మ అంది: "ఇన్నేళ్ళు నీ కూరకి ఒంక పెట్టినాను. ఇపుడు ఒంకెట్టడానికి నాలిక్కి రుసే నేదు. గెలిసినావే కోడలా." వదిన నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. "అత్తా, నీకు తెలుసా?" అని అడిగింది. "నా నోట్లో ఉన్నది నాకు తెల్దేటే?"

ఆ ఇంట్లో నిజం బయటికొచ్చింది అప్పుడు. దాన్ని బయటికి తెచ్చింది డాక్టరు కాదు, కొడుకులు కాదు. ఒక వేళాకోళం, దానికి నవ్విన ఒక కోడలు. ఆ రోజు నుంచి ఆ అత్తాకోడళ్ళు మాట్లాడుకున్నట్టు నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. నగలు ఎవరికి, పొలం గట్టు తగవు ఎలా తేల్చాలి, తన తరవాత పెదనాన్న తద్దినం ఎవరు పెట్టాలి, అన్నీ తేటగా మాట్లాడుకున్నారు.

ఎందుకలా జరిగిందని తరవాత చాలాకాలం ఆలోచించాను. అబద్ధం నిలబడాలంటే ఇద్దరిలో ఒకరికి సంగతి తెలియకుండా ఉండాలి. హాస్యం పండాలంటే ఇద్దరికీ తెలిసి ఉండాలి. పెద్దమ్మ ఏ హాస్యమాడినా అందులో ఒక ప్రశ్న ఉండేది: నాకు తెలుసు, నీకూ తెలుసు, ఒప్పుకుంటావా? నవ్వితే ఒప్పుకున్నట్టే. బస్సులో మా వాళ్ళు నవ్వకపోవడానికి కారణం అదే. వాళ్ళకు హాస్యం తెలియక కాదు. వాళ్ళు నవ్వి ఉంటే ఆ క్షణమే అంతా చెప్పేసినట్టయ్యేది.

అమెరికాలో గ్లేసర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో చివరి దశ రోగుల మధ్య గడిపి 1965లో ఒక పుస్తకం రాశారు. రోగికీ తెలుసు, ఇంటివాళ్ళకూ తెలుసు, కాని తెలియనట్టు అందరూ కలిసి నటించే స్థితిని వాళ్ళు ప్రత్యేకంగా గుర్తించారు. ఆ నటన రోగి మర్యాదను కొంతవరకు కాపాడుతుందని, అదే సమయంలో మనసు విప్పి మాట్లాడుకునే అవకాశాన్ని మూసేస్తుందని చూపించారు. మా ఇంట్లో జరిగింది అదే. అయితే ఆ నటనలోంచి బయటపడే దారి మా పెద్దమ్మకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆమే వెతుక్కుంది.

అబద్ధం వైపు వాదించేవాళ్ళకూ మన సంప్రదాయంలో గట్టి ఆధారాలే ఉన్నాయి. చరక సంహిత విమానస్థానంలో వైద్యుడు పాటించవలసిన నియమాల్లో ఇదొకటి: రోగి ఆయువు తరిగిపోయిందని తెలిసినా, ఆ మాట రోగికో దగ్గరివాళ్ళకో దెబ్బవుతుందనుకున్నచోట చెప్పకూడదు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడనే తాపసి కథ చెబుతాడు. నిజమే పలుకుతానని వ్రతం పట్టిన అతను, ప్రాణభయంతో పారిపోయినవాళ్ళు ఎటు వెళ్ళారో దొంగలకు చెప్పేసి, వాళ్ళ చావుకు కారణమై నరకానికి పోతాడు. నిజం చెప్పడం వేరు, ధర్మం నిలబెట్టడం వేరు అని ఆ కథ. నేను దాన్ని ఒప్పుకుంటాను. కాని కౌశికుడు దొంగలకు చెప్పాడు. నిజం ఎవరి ప్రాణానికి సంబంధించిందో వాళ్ళకే చెప్పకపోవడానికి ఆ కథను అడ్డం పెట్టుకోకూడదు. వైద్యానికి ఒప్పుకునే ముందు రోగికి తగినంత సమాచారం ఇవ్వాలని, అప్పుడే ఆ ఒప్పుకోలు చెల్లుతుందని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. పెద్దమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నది అంతకు చాలా ముందు. చికిత్స కాగితం మీద ఏం రాసి ఉందో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

మా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ ఆడేవారు. సత్యం కోసం ఆలినీ బిడ్డనూ అమ్ముకున్న రాజు కథ అది. అందులో నవ్వించేది నక్షత్రకుడు. విశ్వామిత్రుడి తరఫున అప్పు వసూలుకు వెంటబడి, కాలు నొప్పని, ఆకలని, నీళ్ళని రాజును వేపుకు తింటాడు, జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు లేకపోతే కాటిసీను దాకా ఎవరూ కూర్చోలేరు. సత్యాన్ని నెత్తిన పెట్టుకున్న నాటకానికి కూడా పక్కన ఒక నవ్వించేవాడు కావలసివచ్చాడు. మన నాటకాలు కట్టినవాళ్ళకు జనం సంగతి బాగా తెలుసు.

ఇక గురజాడ అప్పారావు గారు. ఆయన ఉన్న విజయనగరం మాకు పక్క ఊరి లెక్క. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్ళిళ్ళ జాబితాను ఆనందగజపతి మహారాజు తయారుచేయించారు. మూడేళ్ళలో 1,034. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పసిగుడ్డులు ముగ్గురు. తన కన్యాశుల్కం నాటకం ముందుమాటలో గురజాడే ఈ లెక్కలు రాశారు. అంకెలు అంత స్పష్టంగా ఉన్నా ఆ ఆచారం కదల్లేదు. నాటకం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. డబ్బిచ్చి చిన్నపిల్లను పెళ్ళాడబోయిన ముసలి లుబ్ధావధాన్లను చూసి జనం నవ్వారు. నవ్వినవాడు తన ఇంట్లో, తన మేనమామ ఇంట్లో జరిగినదాన్ని పక్కవాడి ముందు ఒప్పుకున్నట్టయింది. గురజాడ ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. నీలగిరుల్లో విశ్రాంతి తీసుకుంటున్న కాలంలో ఆయన ఆ నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. ఇవాళ మనం చదివి నవ్వుకునే 1909 కూర్పు అదే. ఒంట్లో బాగుండని మనిషి అంత పెద్ద నవ్వును రాయగలిగాడని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. 1915లో, యాభై మూడేళ్ళకే పోయారు.

రోగి హాస్యం ఇంటి గడప దాటి బయటి నిజాలు కూడా చెబుతుంది. నేను బడిపంతులుగా ఉన్న కొండ మీది ఊరికి రోడ్డు లేదు. జ్వరమొచ్చినా పురుడొచ్చినా కర్రకు దుప్పటి కట్టి, డోలీలో కూర్చోబెట్టి, ఇద్దరేసి భుజాలు మార్చుకుంటూ కిందికి మోయాలి. సాలూరు, పాచిపెంట కొండల్లో ఇవి ఇప్పటికీ పేపర్లో వచ్చే వార్తలు. ఒక వానాకాలం మలేరియాతో వణికిపోతున్న కొండదొర ఒకాయనను అలా దించుతున్నారు. వాగు దగ్గర డోలీ దింపినప్పుడు ఆయన అన్నాడు: "పెళ్ళికి నడిసెల్లినాను. జొరానికి పల్లకీ ఎక్కించినారు." మోసేవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కొండకు రోడ్డు ఎందుకు కావాలో ఏ అర్జీలోనూ అంత సూటిగా రాసి ఉండరు. ఆయన కోలుకున్నాడు. వణుకుతూ ఆయన అన్న ఆ మాట ఊళ్ళో చాలాకాలం నిలిచింది.

నవ్వు మందు అని ఈ మధ్య చాలా రాస్తున్నారు. నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడు 1964లో కీళ్ళ జబ్బుతో మంచం పట్టి, హాస్య చిత్రాలు వేయించుకుని చూశాడు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని 1979లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన అనుభవాన్ని నేను కాదనను. నొప్పి కాసేపు తగ్గడం చిన్న సంగతి కాదు. కాని నవ్వితే జబ్బు నయమవుతుందని రోగికి చెప్పడాన్ని మాత్రం ఒప్పుకోను. అలా చెబితే, నయం కానివాడు సరిగ్గా నవ్వలేదన్న నింద కూడా మోయాలి. పెద్దమ్మ నవ్వు ఆమెను బతికించలేదు. ఆమె ఒంటరి కాకుండా చూసింది. నాకు అది చాలా పెద్ద మేలుగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఈ హాస్యం రోగి సొత్తు. మొదటి మాట ఆమె అనాలి. ఒక బంధువు వచ్చి "ఏటప్పా, చుట్ట నిన్ను కాల్సేసిందా" అన్నాడు. పెద్దమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ మాటే ఆమె అని ఉంటే అందరం నవ్వేవాళ్ళం. పైనుంచి వచ్చిపడిన వేళాకోళం దెబ్బ మీద దెబ్బ. నొప్పి ముదిరిన రోజుల్లో ఆమె కూడా హాస్యమాడలేదు. మూలిగింది, కసిరింది, దేవుణ్ణి తిట్టింది. ఆ రోజుల్లో నవ్వించడానికి ప్రయత్నించిన వాళ్ళను వదిన బయటికి పంపేసింది. మంచి పని చేసింది. ధైర్యంగా, చలాకీగా ఉండాలని జబ్బుమనిషి మీద మనం మోపే భారం కూడా ఒక రకం అబద్ధమే. అది మన సౌకర్యం కోసం.

పుండు తిరగబెట్టినప్పుడు మళ్ళీ విశాఖ తీసుకెళదామని కొడుకులు కారు మాట్లాడారు. పెద్దమ్మ వాళ్ళను కూర్చోమంది. "మీ నాన్న ఘాటీ దిగినపుడు ఇంజనాపేసి న్యూట్రల్లో దించీవోడు, డీజిలు మిగులుద్దని. నానూ అలాగే దిగతన్నాను. మీరు బ్రేకు తొక్కకండి." పెద్దకొడుకూ డ్రైవరే. ఆ మాట అతనికి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. ముందు నవ్వాడు, తరవాత లేచి వెళ్ళి కారు వద్దని చెప్పి వచ్చాడు. ఆమె కోరుకున్నది ఇంటి దగ్గరే ఉండడం, నొప్పికి మందు ఇప్పించడం. రెండూ జరిగాయి. ఆ సంక్రాంతి వెళ్ళాక పోయింది.

అడ్డపొగ ఇప్పుడు తగ్గింది కాని పోలేదు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఆ అలవాటున్న అమ్మలు, అప్పలు ఉంటే వాళ్ళను నవ్వించండి. వాళ్ళు నోరారా నవ్వినప్పుడు పైన అంగిలి చూడండి. తెల్ల మచ్చలో, ఎర్రగా రేగినచోటో, మానని పుండో కనబడితే వెంటనే పంటి డాక్టరుకు చూపించండి. అక్కడ డాక్టరు ఏం చెప్పినా, ఆ మాట వాళ్ళకే చెప్పమనండి.